పరుల మనసులోకి దారి: కోరాపుట్, రాయగడ కథల్లో దృక్కోణం

దృక్కోణం అంటే కథను ఎవరి కళ్ళతో చూస్తున్నాం, ఎవరి నోట వింటున్నాం అన్న ఏర్పాటు. "ఆమెకు కోపం వచ్చింది" అన్న చిన్న వాక్యం రాయాలన్నా రచయితకు ఈ ఏర్పాటు తప్పదు. ఆ మాట ఆమే చెబుతోందా, పక్కనున్నవాళ్ళు ఆమె ముఖం చూసి పోల్చుకున్నారా, లేక ఎవరి సాయమూ లేకుండానే కథకుడికి తెలిసిపోయిందా? కథారచన నేర్పే పుస్తకాలు దీన్ని శిల్పం కింద జమకడతాయి. నిజానికి శిల్పం కంటే ముందు ఇది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్న. మరొకరి మనసు మనకు తెలుస్తుందా? తెలిస్తే ఏ ఆధారంతో? ఆ ఆధారం అరకొరదైనప్పుడు వాళ్ళ తరఫున మాట్లాడే హక్కు ఎక్కడిది?

భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న ఈ ప్రశ్న దక్షిణ ఒడిశాలోని కోరాపుట్, రాయగడ కొండల్లో రెండు రూపాల్లో కనిపిస్తుంది. అక్కడి ఆదివాసుల జీవితాన్ని నవలలుగా రాసి పేరు తెచ్చుకున్నవారు బయటి నుంచి వచ్చినవారు. అదే కొండల్లో, చనిపోయినవాళ్ళు కూడా సొంత గొంతుతో మాట్లాడి బతికున్నవాళ్ళతో వాదనకు దిగే ఆచారం ఒకటి ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, దృక్కోణం ఎంచుకోవడమంటే జ్ఞానానికి ఆధారం చూపించడమేనని, ఆ ఆధారాన్ని ఎదుటివాళ్ళ ప్రశ్నకు అందేచోట ఉంచడమేనని తెలుస్తుంది.

నాలుగు చోట్లు, మూడు ప్రమాణాలు

తెలుగు వ్యాకరణం లెక్కలో "నేను, మేము" ఉత్తమ పురుష, "నువ్వు, మీరు" మధ్యమ పురుష, "అతడు, ఆమె, వాళ్ళు" ప్రథమ పురుష. కథా విమర్శ ఈ పేర్లనే వాడుకుంటుంది గానీ పురుష ఒక్కటే దృక్కోణాన్ని తేల్చదు. మాట్లాడుతున్నది ఎవరు, చూస్తున్నది ఎవరు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో స్పష్టంగా విడదీశాడు. "అతడు" అని రాస్తూనే అతని కళ్ళతో మాత్రమే చూడవచ్చు. "నేను" అని రాస్తూనే తన గురించి కాక ఎదుటివాడి గురించి మాత్రమే చెప్పవచ్చు.

ఒకే సంఘటనను నాలుగు చోట్ల నిలబడి రాస్తే తేడా కనిపిస్తుంది. సంతరోజున షావుకారు అరుగు మీద ఒక కొండ రైతు అప్పుపత్రం మీద వేలిముద్ర వేస్తున్నాడనుకోవాలి.

మొదటి పద్ధతి: "నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. కాగితం మీద ఏం రాసుందో నాకేం తెలుసు?"

రెండో పద్ధతి: "వేలికి అంటిన సిరా ఎంత రుద్దినా వదల్లేదు. షావుకారు ఎందుకు నవ్వుతున్నాడో అతనికి అంతుబట్టలేదు."

మూడో పద్ధతి: "షావుకారు కాగితం ముందుకు జరిపాడు. ముసలాయన వేలిముద్ర వేసి లేచాడు. ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు."

నాలుగో పద్ధతి: "ఇద్దరు కొడుకుల రెక్కల కష్టాన్ని ఆ ముద్రతో రాసిచ్చేశానని అతనికి తెలియదు. షావుకారికి తెలుసు."

మొదటిది ఉత్తమ పురుష కథనం. రెండోది ఒక పాత్రకు కట్టుబడిన ప్రథమ పురుష. మూడోది కంటికి కనిపించిందీ చెవికి వినిపించిందీ తప్ప మరేమీ చెప్పని బాహ్య కథనం. నాలుగోది అందరి మనసుల్లోకీ తొంగిచూడగల సర్వసాక్షి కథనం. సమాచారం నాలుగింటిలోనూ దాదాపు ఒకటే. పాఠకుడి స్థానం మాత్రం మారింది. మొదటిదానిలో అతను రైతు పక్కన, రైతు ఎరిగినంతే ఎరిగి కూర్చున్నాడు. నాలుగోదానిలో రైతుకు తెలియనిది తెలిసి, రైతు మీద జాలిపడుతున్నాడు. జాలి మంచి గుణమే. అయితే అది ఎప్పుడూ పైనుంచి కిందికి దిగుతుంది. సర్వసాక్షి కథనం పాఠకుణ్ణి ఆ పైచోటనే కూర్చోబెడుతుంది.

న్యాయదర్శనం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పింది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కథన పద్ధతులను వీటిలో మూడింటితో పోల్చవచ్చు. "నేను" అని చెప్పే కథకుడికి తన అనుభవమే ప్రత్యక్ష ప్రమాణం. బాహ్య కథనం పాఠకుడి చేత అనుమానం చేయిస్తుంది. పొగ చూపిస్తుంది, నిప్పు సంగతి అతనికి వదిలేస్తుంది. సర్వసాక్షి కథనం శబ్ద ప్రమాణం మీద నడుస్తుంది. చెబుతున్నవాడు నమ్మదగినవాడు కాబట్టి నమ్మాలి, అంతే. న్యాయశాస్త్రం ఆ నమ్మదగినవాణ్ణి ఆప్తుడు అంటుంది. విషయం ఉన్నదున్నట్టు ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక కలవాడే ఆప్తుడు. సర్వసాక్షి కథకుడు ఆప్తుడా కాదా అన్నది నవల చదివే ప్రతివారూ తెలిసో తెలియకో తేల్చుకునే విషయం.

ఒడియా నవల తొలిరోజుల్లోనే ఫకీర్ మోహన్ సేనాపతి ఈ నమ్మకంతో ఆటలాడాడు. 1902లో పుస్తకంగా వచ్చిన "ఛ మాణ ఆఠ గుంఠ" నవలలో కథకుడు జమీందారు రామచంద్ర మంగరాజును పొగుడుతున్నట్టే ఉంటాడు. ఆ పొగడ్త కింద దోపిడీ బయటపడుతుంది. పాఠకుడు కథకుడి మాటను నమ్మడం మానేసినప్పుడే నిజం అర్థమవుతుంది.

వరంగా దొరికిన సర్వజ్ఞత

సర్వసాక్షి కథనం పాతది, అందరూ ఎరిగినది. ఇతిహాసాలు అలాగే నడుస్తాయనుకోవడం పరిపాటి. కానీ అవి సర్వజ్ఞతను ఉచితంగా తీసుకోలేదు. వాల్మీకి రామాయణం బాలకాండ ఆరంభంలోనే బ్రహ్మ వచ్చి, రాముడూ సీతా లక్ష్మణుడూ రాక్షసులూ చేసినవాటిలో బహిరంగమైనదీ రహస్యమైనదీ అంతా నీకు తెలుస్తుందని కవికి వరమిస్తాడు. మహాభారతం భీష్మపర్వంలో వ్యాసుడు సంజయుడికి దివ్యదృష్టి ఇస్తాడు. పగలు జరిగేదీ రాత్రి జరిగేదీ, చివరికి ఒకరి మనసులో మెదిలే ఆలోచన కూడా అతనికి తెలుస్తుందని చెబుతాడు. ఆ చూపు మొదట ధృతరాష్ట్రుడికే ఇస్తానంటే, సొంతవాళ్ళ చావు కళ్ళారా చూడలేనని అతను వద్దన్నాడు. అందుకే అది చెప్పేవాడి పాలైంది.

మహాభారతం ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంది. కథ వ్యాసుడిది. దాన్ని జనమేజయుడికి వైశంపాయనుడు చెప్పాడు. అక్కడ విన్న సౌతి నైమిశారణ్యంలో శౌనకాది మునులకు చెప్పాడు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో, ఎక్కడ కూర్చుని విన్నారో తెలుస్తూనే ఉంటుంది. వినేవాళ్ళు మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తారు. ఇతరుల మనసు తెలుసునని చెప్పుకునేవాడు ఆ తెలివి ఎక్కడిదో ముందు చెప్పాలన్న మర్యాద ఈ ఏర్పాటులో ఉంది. అచ్చు పుస్తకంగా వచ్చిన నవల ఈ మర్యాదను పక్కన పెట్టింది. నవలాకారుడికి వరమిచ్చే బ్రహ్మ లేడు, ఆపి అడిగే శౌనకుడూ లేడు.

పరకాయ ప్రవేశం

ఇతరుల మనసు గురించి దర్శనకారులు చేసిన వాదాలు నవలాకారుడికి అక్కరకొస్తాయి. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి "సంతానాంతరసిద్ధి" అనే చిన్న గ్రంథం ఈ విషయం మీదే రాశాడు. నా మాటకూ చేష్టకూ ముందు నా మనసులో ఒక సంకల్పం ఉంటుంది. నా సంకల్పం లేకుండానే ఎదుటి మాటలూ చేష్టలూ కనిపిస్తున్నాయి. కాబట్టి వాటి వెనక మరో మనసు ఉండాలి. ఇది అనుమాన ప్రమాణం. 11వ శతాబ్దంలో రత్నకీర్తి అదే బౌద్ధం లోపల నుంచి దీన్ని ఖండించాడు. తన మనసు తప్ప మరో మనసు ఎన్నడూ అనుభవానికి రానప్పుడు ఆ మనసుకూ చేష్టకూ సంబంధం ఎలా స్థాపిస్తావన్నది అతని ధోరణి. 1974లో అమెరికన్ తత్వవేత్త థామస్ నాగెల్ గబ్బిలంగా ఉండడం ఎలా ఉంటుందని అడిగినప్పుడు, వేరే దారిలో దాదాపు ఇదే గోడ దగ్గరికి వచ్చాడు.

పతంజలి యోగసూత్రాలు మరో సూక్ష్మమైన తేడా చూపుతాయి. యోగికి పరుల చిత్తం తెలుస్తుందని విభూతిపాదం చెబుతుంది. ఆ వెంటనే, ఆ చిత్తం దేన్ని పట్టుకుని ఉందో ఆ ఆలంబనం మాత్రం దానితోపాటు తెలియదని హద్దు గీస్తుంది. ఎదుటివాడు భయపడుతున్నాడని తెలియడం వేరు, ఆ భయం ఏ చెట్టు చుట్టూ, ఏ దేవుడి చుట్టూ, ఏ చిన్ననాటి మాట చుట్టూ అల్లుకుందో తెలియడం వేరు. వేరే సమాజం గురించి రాసే రచయితకు మొదటిది త్వరగానే అందుతుంది. రెండోది ఆ భాషలో ఏళ్ళ తరబడి బతికితే తప్ప అందదు.

తెలుగులో పాత్రలో లీనమై రాసిన రచయితను "పరకాయ ప్రవేశం చేశాడు" అని మెచ్చుకుంటారు. ఆ మాటకు మూలంగా అందరికీ గుర్తొచ్చేది ఆదిశంకరుడి కథ. వాదంలో పండితురాలు ఉభయభారతి అడిగిన కామశాస్త్ర ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సన్యాసి అయిన శంకరుడు గడువు కోరి, తన శరీరాన్ని శిష్యుల కాపలాలో ఒక గుహలో ఉంచి, చనిపోయిన అమరుక మహారాజు దేహంలో ప్రవేశించాడని మాధవీయ శంకర విజయం చెబుతుంది. ఈ కథలో రచయితలు గమనించాల్సినవి మూడున్నాయి. మంత్రులు అతన్ని పట్టేశారు, ఎందుకంటే లేచి కూర్చున్న రాజు పాత రాజు కంటే తెలివైనవాడు. పాత్ర తన స్థాయికి మించిన తెలివితో మాట్లాడినప్పుడు పాఠకుడూ రచయితను అలాగే పట్టేస్తాడు. రెండోది, శంకరుడు తానెవరో మరిచిపోయాడు. శిష్యులు వచ్చి పాట పాడి గుర్తు చేయాల్సి వచ్చింది. మూడోది, అమరుకుడు చనిపోయి ఉన్నాడు కాబట్టి అతని అనుమతి అడగాల్సిన అవసరం రాలేదు. బతికున్న మనుషుల గురించి రాసేవారికి ఆ వెసులుబాటు లేదు.

కొండల కథ, బయటివారి కలం

నేటి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు ఒకప్పుడు ఒకే కోరాపుట్ జిల్లా. 1992లో విడిపోయాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యే దాకా ఈ కొండలు మద్రాసు రాజధానిలో విశాఖపట్నం ఏజెన్సీలో భాగంగా, చాలావరకు జయపురం సంస్థానం కింద ఉండేవి. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి ఘాటీ ఎక్కితే వచ్చే ఊళ్ళు ఇవి. కోదులు, పరజలు, గదబలు, సవరలు తమ కథలను నోటితోనే చెప్పుకున్నారు. కాగితం మీదికి మాత్రం ఆ కథలు మొదట అధికారుల చేతుల మీదుగా ఎక్కాయి.

తొలి తరహా కాగితం బ్రిటిష్ అధికారి "నేను". కోదుల్లో భూదేవతకు ఇచ్చే మెరియా నరబలిని ఆపే పనిలో ఉన్న జాన్ క్యాంప్‌బెల్ తన 13 ఏళ్ళ ఉద్యోగానుభవాన్ని 1864లో సొంత కథనంగా ప్రచురించాడు. ఉత్తమ పురుష కథనానికి ఉండే బలమూ లోపమూ రెండూ అందులో ఉన్నాయి. తాను చూసింది చెబుతున్నాడు కాబట్టి ప్రత్యక్ష ప్రమాణం ఉంది. చూస్తున్నవాడి పక్కన తుపాకులు పట్టిన సిపాయిలు ఉన్నారు కాబట్టి ఎదుటివాళ్ళు ఏం చెప్పారో, ఏం దాచారో తేల్చుకోవడం కష్టం. బలి ఇచ్చేవాళ్ళ మాటా, బలికి కొనితెచ్చిన మనిషి మాటా అతని "నేను" దాటి రావు.

రెండో తరహా గోపీనాథ మహాంతిది. కటక్ ప్రాంతంలో 1914లో పుట్టి, 1938లో ఒడిశా పరిపాలనా సర్వీసులో చేరి, కోరాపుట్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన అధికారి. కొండభాషలు నేర్చుకుని, కోదు, పరజ పాటలు సేకరించి, ఆ భాషల మీద పుస్తకాలు రాశాడు. 1940ల్లో వరసగా "దాదీ బుఢా", "పరజా", "అమృతర సంతాన" నవలలు తెచ్చాడు. 1955లో "అమృతర సంతాన"కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురిపండా అప్పలస్వామి దాన్ని "అమృత సంతానం"గా తెలుగు చేశారు. మహాంతికి 1973లో జ్ఞానపీఠం లభించింది.

"పరజా" కథ సుక్రు జానిది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్న రైతు. పోడు కోసం అడవి నరుక్కోవడానికి గార్డు ఒప్పుకున్నాడని నమ్ముతాడు. కూతురు జిలి మీద కన్నేసిన ఆ గార్డు తన కోరిక తీరకపోవడంతో కేసు పెట్టిస్తాడు. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పుచేసి, తీర్చేదాకా చాకిరీ చేసే గొత్తిగా మారతాడు. కొడుకులూ ఆ ఊబిలోనే దిగుతారు. చివరికి తాకట్టు భూమి తిరిగి ఇవ్వనన్న షావుకారును గొడ్డలితో నరికి, తామే వెళ్ళి పోలీసులకు లొంగిపోతారు. కథనం ప్రథమ పురుషలో సర్వసాక్షి పద్ధతిలో సాగుతుంది. కథకుడికి అడవి చట్టమూ తెలుసు, సుక్రు జాని మనసూ తెలుసు. ఈ రెండూ ఒకే మనిషికి తెలియడమే ఆ నవలకు ఆయువుపట్టు. కథ సుక్రు జాని నోటే వస్తే, అప్పు ఎలా పెరిగిందో పాఠకుడికీ అతనికి మల్లే అర్థం కాదు. అతను అన్యాయాన్ని అనుభవిస్తున్నాడు. దాన్ని నడిపే యంత్రాంగం అతని కంటికి ఆనదు. అది చూపించాలంటే పైనుంచి చూసే కన్ను కావాలి. సర్వసాక్షి కథనాన్ని సమర్థించే గట్టి కారణం ఇదే.

ఆ కన్నుకు మహాంతి చూపిన ఆధారం ఆయన జీవితం. 1953లో జిల్లా భూస్వాములు, వడ్డీ వ్యాపారులు ప్రధాని నెహ్రూకు ఒక అర్జీ పంపారు. రాయగడలో స్పెషల్ అసిస్టెంట్ ఏజెంట్‌గా ఉన్న మహాంతికి కొండవాళ్ళంటేనే మక్కువని, తనూ కొండవాడిలాగే ప్రవర్తిస్తాడని, మిగతా వర్గాలను ఖాతరు చేయడని అందులోని ఆరోపణ. పరకాయ ప్రవేశం జరిగిందని ప్రత్యర్థులే రాసిచ్చిన సాక్ష్యం లాంటిది ఆ అర్జీ.

అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. "అమృతర సంతాన" కోదు ఊరి పెద్ద సరబు సావొంతా మరణంతో మొదలవుతుంది. కొడుకు దివుడు మరో స్త్రీ పియొటి మోజులో పడతాడు. భార్య పుయు చివరికి పసిబిడ్డను ఎత్తుకుని ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. ఓడినా ఆగని జీవితాన్ని కథకుడు అమృతత్వం అన్నాడు. మానవులను అమృతపుత్రులుగా పిలిచిన ఉపనిషత్తు ఆ శీర్షిక వెనక ఉంది. పుయుకు ఆ ఉపనిషత్తు తెలియదు. ఆమెకు తెలిసినవి బెజుణి (పూజారిణి) చెప్పే దేవతల మాటలు, దిసరి (జోస్యుడు) చూసే గడియలు, పూర్వీకుల నీడలు. ఆమె బాధ నవలలో ఆమెదే. ఆ బాధకు చెప్పిన అర్థం మాత్రం కటక్ నుంచి వచ్చింది. పతంజలి గీసిన గీత సరిగ్గా ఇక్కడే కనిపిస్తుంది: చిత్తం అందింది, దాని ఆలంబనం స్థానంలో కథకుడి ఆలంబనం వచ్చి కూర్చుంది. దీనివల్ల నవల గొప్పతనం తగ్గదు. కొండవాళ్ళను అడవి మనుషులుగా చూసే కాలంలో వాళ్ళను ఉపనిషత్తు పలికిన మానవజాతిలో భాగంగా నిలబెట్టడం చిన్న పని కాదు. కానీ ఆ చోటు ఇచ్చింది కథకుడే, పుయు అడిగి తీసుకున్నది కాదు.

చనిపోయినవారి గొంతు

రాయగడ జిల్లా గుణుపూర్ కొండల్లోనూ పక్కనున్న గజపతి జిల్లాలోనూ సవరలుంటారు. తెలుగువారికి వీళ్ళ భాష గిడుగు రామమూర్తి కృషి ద్వారా పరిచయం. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్న గిడుగు 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణ గ్రంథం ప్రచురించారు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకం రాశాడు. 1970ల నుంచి వాళ్ళతో కలిసి జీవించిన పియర్స్ వితెబ్‌స్కీ, 1993లో వచ్చిన తన పుస్తకంలో, చనిపోయినవారితో సవరలు జరిపే సంభాషణలను వివరంగా నమోదు చేశాడు.

ఆ పూజ ఇలా నడుస్తుంది. పూనకం పట్టే పూజారి, తరచుగా స్త్రీ, కాళ్ళు చాపుకుని కూర్చుని తనకు ముందున్న పూజారుల పేర్లతో పాట అందుకుంటుంది. కాసేపటికి ఆమె ఆత్మ పాతాళానికి దిగిపోతుంది. శరీరం కొయ్యబారుతుంది. పక్కనున్నవాళ్ళు మోకాళ్ళూ మోచేతులూ వంచి సడలిస్తారు. అప్పుడు ఖాళీ అయిన ఆ శరీరంలోకి చనిపోయినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాట్లాడతారు. కల్లు అడుగుతారు. తమకు చావెలా వచ్చిందో చెబుతారు. నన్ను సరిగ్గా చూసుకోలేదని తిడతారు, ఏడుస్తారు. చుట్టూ కూర్చున్న బంధువులు వింటూ ఊరుకోరు. ఎదురు ప్రశ్నిస్తారు, నచ్చజెబుతారు, నువ్వు చెప్పేది అబద్ధమంటారు. ఒక్కో సంభాషణ గంటల తరబడి సాగుతుంది. ఒక్క పూటతో తీరదు. అదే మనిషి ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వస్తాడు. మొదట్లో జబ్బు అంటించే ప్రమాదకారిగా వచ్చినవాడు కాలక్రమంలో మెత్తబడి, చివరికి పుట్టబోయే బిడ్డకు పేరిచ్చే పూర్వీకుడవుతాడు.

కథన దృష్టితో చూస్తే ఇది పరకాయ ప్రవేశానికి సరిగ్గా తలకిందులు. శంకరుడు తన దేహం విడిచి మరొకరి దేహంలోకి వెళ్ళాడు. సవర పూజారి తాను తప్పుకుని తన దేహంలో మరొకరికి చోటిచ్చింది. అక్కడ కథకుడు వెళ్ళి తెలుసుకుంటాడు. ఇక్కడ కథకుడు లేచి వెళ్ళిపోతేనే పాత్ర మాట్లాడుతుంది. ఇంకో తేడా అంతకంటే ముఖ్యమైనది. పూనకంలో పలికిన మాట దైవవాక్కు కాదు, దాన్ని కాదనవచ్చు. చనిపోయినవాడి "నేను"కు బతికున్నవారి "నువ్వు" ఎదురుగా కూర్చుని ఉంది. తెలుగు కథల్లో అరుదుగా కనిపించే మధ్యమ పురుష ఈ పూజలో ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. మహాభారతంలో శౌనకుడు వేసే ప్రశ్నల స్థానంలో ఇక్కడ ఇంటివాళ్ళందరూ ఉన్నారు.

ఇది నిజంగా చనిపోయినవారి గొంతేనా, పూజారి కల్పనా అన్న చర్చ వేరు. కథనానికి సంబంధించినంతవరకు సవరలు ఒక షరతు పాటిస్తున్నారు: లేనివారి తరఫున మాట్లాడే గొంతు, వారిని ఎరిగినవాళ్ళ ముందు మాట్లాడాలి. తాత ఇలా మాట్లాడేవాడు కాదని మనవరాలు అనగలిగే చోట మాట్లాడాలి. సవరల్లో చాలామంది బాప్టిస్టు క్రైస్తవులుగా మారాక ఈ సంభాషణలు బాగా తగ్గిపోయాయని వితెబ్‌స్కీ 2017 నాటి పుస్తకంలో రాశాడు. మరో దారిలో, గుణుపూర్ ప్రాంతంలో మంగై గొమాంగో 1936లో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపి రూపొందించాడు. ఆ అక్షరాలకే గుడి కట్టి పూజించే శాఖ ఏర్పడింది. మాట్లాడడంతోపాటు రాసుకోవడం కూడా దైవకార్యమేనని ఆ శాఖ భావన.

మేము అనే కథకుడు

ఒక్క మనిషి బదులు ఒక సమూహం కథ చెబితే అది ఉత్తమ పురుష బహువచనం. తెలుగులో ఇక్కడ అదనపు నిర్ణయం ఒకటి తప్పదు. "మేము" అంటే వినేవాడు బయట ఉంటాడు, "మనం" అంటే లోపల ఉంటాడు. కోదుల కుయి, కువి భాషలూ ద్రావిడ భాషలే, ఈ తేడా వాటిలోనూ ఉంది. ఊరి గొంతుతో రాసే కథకుడు పాఠకుణ్ణి ఊళ్ళోకి రానిస్తున్నాడో, గట్టు మీద నిలబెడుతున్నాడో మొదటి వాక్యంలోనే తేలిపోతుంది.

ఇలాంటి బహువచన కథనం కాల్పనిక సాహిత్యం బయట, న్యాయస్థానం ఆదేశంతో నియమగిరిలో వినిపించింది. రాయగడ, కలహండి జిల్లాల మధ్యనున్న ఆ కొండలు డోంగ్రియా కోదులకు తమ దైవం నియమరాజు నివాసం. అక్కడి బాక్సైటు తవ్వకం వ్యవహారంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పునిస్తూ, కొండ మీద వాళ్ళకున్న మతపరమైన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్ళలో సభలు జరిగాయి. 12 సభలూ తవ్వకం వద్దన్నాయి. అప్పటిదాకా దస్త్రాల్లో "వారు", "గిరిజనులు" అని ప్రథమ పురుషలో ఉన్నవాళ్ళు జిల్లా న్యాయాధికారి ఎదుట "మేము" అన్నారు. ఒక కొండ దేవుడు అవునా కాదా అన్న ప్రశ్నకు బయటి సాక్షి జవాబు చెల్లదని, ఆ నమ్మకంలో ఉన్నవాళ్ళ మాటే ప్రమాణమని కోర్టు ఒప్పుకున్నట్టయింది. దృక్కోణం ఎంపిక చట్టపరమైన ఫలితం ఇవ్వగలదని ఇంతకంటే స్పష్టంగా చూపే సందర్భాలు తక్కువ.

ఎంపికకు కొలతలు

ఈ ఉదాహరణల నుంచి రచయితకు పనికొచ్చే కొలతలు కొన్ని తేలతాయి.

మొదటిది ఆధారం. కథకుడు చెబుతున్నది అతనికి ఎలా తెలిసిందో కథలోపలే జవాబు దొరకాలి. చలం "మైదానం"లో రాజేశ్వరి తన కథ తానే చెబుతుంది కాబట్టి ఆ ప్రశ్నే రాదు. నవీన్ "అంపశయ్య" ప్రథమ పురుషలో ఉన్నా రవి అనే విద్యార్థి ఒక్కరోజు చైతన్య స్రవంతిని దాటి పోదు. రావిశాస్త్రి "అల్పజీవి" సుబ్బయ్య భయాల మధ్యే తిరుగుతుంది. ఈ మూడూ తమ హద్దులు తామే గీసుకున్నాయి. చదువుకున్న మనుషుల సంశయాలను చదువుకున్న రచయితలు రాశారు కాబట్టి ఆ హద్దులు కుదిరాయి.

రెండోది దూరం. రచయితకూ పాత్రకూ మధ్య కులం, భాష, అధికారం పెంచిన దూరం ఎక్కువయ్యేకొద్దీ "నేను" అని రాయడం ప్రమాదకరమవుతుంది, మనసులు చదివే సర్వసాక్షి కథనం అనుమానాస్పదమవుతుంది. అలాంటప్పుడు పనికి దగ్గరగా ఉండడం ఒక దారి. కేశవరెడ్డి "అతడు అడవిని జయించాడు" నవల, పందులు కాసే ఒక ముసలివాణ్ణి అంటిపెట్టుకుని ఒక రాత్రి అడవిలో తిరుగుతుంది. అతను ఏం చేశాడో, ఏ చప్పుడు విన్నాడో, ఏ వాసన పట్టాడో చెప్పడానికే ఎక్కువ చోటిస్తుంది. ధర్మకీర్తి చెప్పినట్టు చేష్టల నుంచి మనసును పాఠకుడు ఊహించుకుంటాడు.

మూడోది అవసరం. అన్యాయం ఒక మనిషి అనుభవంలో ఇమడనంత పెద్దదైనప్పుడు, పట్టాలు, వడ్డీ లెక్కలు, అడవి చట్టాలు కలిసి ఒక కుటుంబాన్ని మింగుతున్నప్పుడు, పైనుంచి చూసే కథకుడు కావాలి. "పరజా"కు ఆ అవసరం ఉంది. అవసరం లేనిచోట సర్వజ్ఞత అలవాటుగా మిగులుతుంది, పాత్రలు రచయిత ఆలోచనలు వల్లిస్తాయి, అమరుకుడి మంత్రులు పట్టేస్తారు.

నాలుగోది ఎదురుమాట. కథలో ఎవరి మనసులోకి వెళ్ళారో ఆ మనిషికి, లేదా ఆ మనిషిని ఎరిగినవారికి, అది తప్పని చెప్పే చోటు కథనంలో ఉండాలి. కథకుడి వ్యాఖ్యకు ఒక పాత్ర ఎదురు చెప్పవచ్చు. ఒకే సంఘటనను రెండు గొంతులు రెండు రకాలుగా చెప్పవచ్చు. కథకుడే తనకు తెలియనిది తెలియదని ఒప్పుకోవచ్చు. సవర పూజలో బంధువులు చేసే పని ఇదే. గోపీనాథ మహాంతి కాలంలో పుయు మనవరాళ్ళు ఒడియా నవల చదివి జవాబు రాసే పరిస్థితి లేదు. ఇప్పుడు ఆ కొండల పిల్లలు బళ్ళలో, కాలేజీల్లో అవే నవలలు చదువుతున్నారు. రచయిత మనసులో ఉండే పాఠకుడు మారాడు కాబట్టి దృక్కోణం లెక్క కూడా మారక తప్పదు.

వీటిలో ఏ ఒక్క కొలతా ఫలానా పురుషలోనే రాయాలని శాసించదు. నాలుగు పద్ధతుల్లో దేన్ని ఎంచుకున్నా రచయిత ఒక జ్ఞానాన్ని తనదని చెప్పుకుంటున్నాడు. వాల్మీకీ సంజయుడూ ఆ జ్ఞానాన్ని వరంగా పొందినట్టు చెప్పుకున్నారు. వరం లేని రచయిత దాన్ని భాష నేర్చుకోవడం ద్వారా, దగ్గర బతకడం ద్వారా, ఎదురుమాటకు కూర్చోవడం ద్వారా సంపాదించుకోవాలి.